ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలతో చలికాలం ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాకు ముగ్గురు. పెద్దదానికి ఏడేళ్ళు, నడిపివాడికి నాలుగు, చిన్నదానికి ఏడాదిన్నర. ఏటా చలికాలం సెలవుల్లో ఈసారికి వద్దు అనుకుంటూనే ఎక్కడికో ఒకచోటికి వెళ్ళొస్తాం. తిరిగొచ్చాక చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఒక్క బిడ్డతో వెళ్ళేవాళ్ళకి వీటిలో సగం అక్కర్లేదు. ఇద్దరు దాటితే లెక్క వేరు. పెద్దవాళ్ళ చేతులు నాలుగే, అందులో రెండు బ్యాగులకే పోతాయి.

ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఊరు ముందా, తేదీలు ముందా?

ఆ రెండిటికన్నా ముందు, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు పగలు ఏ వేళకి పడుకుంటారో, ఎంతసేపు పడుకుంటారో ఒక కాగితం మీద రాయండి. మా చిన్నది పన్నెండున్నరకి పడుకుని రెండింటికి లేస్తుంది. పొద్దున ముగ్గురినీ లేపి, తినిపించి, బట్టలు తొడిగి గుమ్మం దాటేసరికి పది. సాయంత్రం నాలుగున్నర అయ్యిందంటే చలి ముదురుతుంది. అంటే మాకు చేతికొచ్చేది పొద్దున రెండున్నర గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు. ట్రిప్ మొత్తం ఆ రెండు ముక్కల్లోనే ఇమడాలి. చూడాల్సినవి పది ఉన్నాయని ఎవరైనా లిస్టు పంపితే, రోజుకి ఒకటి చొప్పున ఎన్ని పడతాయో చూసి మిగతావి కొట్టేయండి. మధ్యాహ్నం ముక్కని మేం ఖాళీగానే వదిలేస్తాం. ఎలాగూ ఏదో ఒకటి వచ్చి దాన్ని నింపుతుంది.

భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు దాదాపు 6 గంటలే. బుక్ చేసే ముందు అక్కడ సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకోండి. చాలామంది ఉష్ణోగ్రత చూస్తారు, ఇది చూడరు.

ఎన్నాళ్ళ ముందు నుంచి సిద్ధం కావాలి?

టికెట్ల సంగతి మీకే తెలుసు. టీకా సంగతి మాత్రం చెప్తాను. ఫ్లూ టీకా 6 నెలలు నిండిన పిల్లలకి వేయించవచ్చు. 9 ఏళ్ళ లోపు పిల్లలకి అదే మొదటిసారి అయితే సాధారణంగా రెండు డోసులు, మధ్యలో కనీసం 4 వారాల ఎడం ఉండాలి. పూర్తి రక్షణ రావడానికి ఆ తర్వాత ఇంకో రెండు వారాలు పడుతుంది. అంటే ఆరు వారాల ముందే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడే ముగ్గురినీ తూకం వేయించండి. మందుల ప్రశ్న దగ్గర ఆ బరువులతో పని ఉంది.

చలి ఉన్న చోటికి వెళ్ళాలా, చలి లేని చోటు చూసుకోవాలా?

మీ చిన్నవాళ్ళకి ఏడాది లోపు ఉంటే, నన్నడిగితే, చలి తక్కువ ఉన్న చోటికే వెళ్ళండి. పసిపిల్లలకి మనలా వణికి వేడి పుట్టించుకోవడం సరిగా రాదు. బరువుతో పోలిస్తే వాళ్ళ ఒంటి ఉపరితలం ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. పుట్టిన బిడ్డ శరీరంలో తల ఒక్కటే దాదాపు ఐదో వంతు, పెద్దవాళ్ళలో పదో వంతు లోపే. పైగా చలేస్తోందని చెప్పడానికి మాట రాదు.

మంచు చూపించాలని సరదా పడేది మనం. నాలుగేళ్ళు దాటిన పిల్లలకి అది నిజంగా సరదానే. ఏడాదిన్నర పిల్లకి మంచంటే తెల్లటి తడి. ఐదు నిమిషాలు ముట్టుకుని, గ్లౌజు పీకేసి, ఏడ్చి, ఎత్తుకోమంటుంది. ఇద్దరికీ కుదరాలంటే మంచులో బస చేయకుండా, మంచుకి గంట ప్రయాణం దూరంలో కాస్త కిందగా ఉండే ఊళ్ళో దిగండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 700 మీటర్లు కింద పడుకున్నా రాత్రి నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుంది. పెద్ద పిల్లల్ని ఒక పూట పైకి తీసుకెళ్తే చాలు, చిన్నదాని దగ్గర ఎవరో ఒకరు ఉండిపోతారు.

కొండ మీదకి ఎంత ఎత్తు వరకు తీసుకెళ్ళొచ్చు?

2500 మీటర్లు దాటిన చోట రాత్రి పడుకోవాలంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఆ ఎత్తు నుంచి గాలిలో ఆక్సిజన్ తక్కువై తలనొప్పి, వికారం మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. మాటలు రాని పిల్లల్లో దీన్ని పట్టుకోవడం కష్టం. ఊరికే చిరాకు, తిననంటారు, నిద్రపోరు, వాంతి చేసుకుంటారు. మామూలు రోజుల్లో కూడా అంతే చేస్తారు కదా అంటారా? అందుకే అంత ఎత్తులో ఇవి కనిపిస్తే వేరే కారణం రుజువయ్యేదాకా ఎత్తు వల్లే అనుకోవాలి. ఇంకా పైకి వెళ్ళకండి. తగ్గకపోతే, లేదా ముదురుతుంటే, వెంటనే కిందికి దిగడమే వైద్యం. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదన్నది పెద్దవాళ్ళకి కూడా చెప్పే నియమమే. జలుబుతో ఉన్న పిల్లని అసలు తీసుకెళ్ళొద్దు.

ఒకేచోట ఉండాలా, రెండు మూడు ఊళ్ళు తిరగాలా?

ఒకేచోట. సామాను విప్పి సర్దడం ఒక్కసారే జరగాలి.

ఎన్ని రోజులు?

కొత్త చోట మొదటి రాత్రి పిల్లలు సరిగా పడుకోరు, రెండో రాత్రి కాస్త నయం, మూడో రాత్రికి సర్దుకుంటారు. రెండు రాత్రుల ట్రిప్‌లో అలవాటు పడే లోపే వెనక్కి బయల్దేరతారు. నాలుగైదు రాత్రులు బాగుంటుంది. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు, బడి పెట్టుకోకండి. మధ్యలో ఒక రోజు ఇంట్లో ఉండాలి, ఆ రోజు కూడా ట్రిప్ లెక్కలోదే.

బస బుక్ చేసే ముందు ఏం అడగాలి?

ఫోటోలు చూసి నమ్మకండి, ఫోన్ చేసి అడగండి. ఒకసారి మేం బుక్ చేసిన ఇంటి వివరాల్లో హీటర్ ఉంది అని రాసి ఉంది. ఉంది, నిజమే. హాల్లో ఒకటి. రెండు పడకగదులూ ఫ్రిజ్‌లా ఉన్నాయి. పరుపులు ఈడ్చుకొచ్చి హాల్లో పరిచి ఐదుగురం వరుసగా పడుకున్నాం. పిల్లలకి ఆ ట్రిప్‌లో ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే, అది వేరే సంగతి.

అప్పటి నుంచి నేను అడిగేవి ఇవి. ప్రతి గదిలో వేడి ఉంటుందా, రాత్రంతా వేసుకోవచ్చా? వేడినీళ్ళు రోజంతా వస్తాయా, ఏవో కొన్ని గంటలేనా? కరెంటు పోతే హీటర్ కూడా జనరేటర్ మీద నడుస్తుందా, లైట్లేనా? గదిలో కెటిల్ ఉందా? తడి బట్టలు ఆరేసుకునే చోటు ఉందా? బాత్రూమ్ గదిలోంచే వెళ్ళేలా ఉందా? మెట్లు, బాల్కనీ ఉంటే వాటి కటకటాల సందులు ఎంత వెడల్పు? ఆఖరిది అడిగితే అవతలివాళ్ళు విచిత్రంగా చూస్తారేమోనని మొహమాటపడకండి, ఫోన్లో కనపడరు.

రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే బుకింగ్ కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. చలికాలంలో ముగ్గురు పిల్లలకీ ఒకే వారంలో జలుబు లేకుండా ఉండడం అరుదు.

ఇంకో కుటుంబంతో కలిసి వెళ్తే సులువు కాదా?

పిల్లల నిద్రవేళలు కలిస్తే చాలా సులువు. కలవకపోతే రెండు ట్రిప్పులు ఒకే ఇంట్లో చేసినట్టు ఉంటుంది. అమ్మమ్మో తాతయ్యో వస్తానంటే సంతోషంగా తీసుకెళ్ళండి. కానీ వాళ్ళకీ చలి ఎక్కువ తగులుతుంది, మెట్లు ఇబ్బంది. వాళ్ళని పిల్లల కాపలాకి వచ్చిన మనుషుల్లా చూడకండి.

విమానంలో అయితే ఏం గుర్తుపెట్టుకోవాలి?

రెండేళ్ళ లోపు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు గానీ ఒక పెద్దమనిషికి ఒక్కరినే. కవలలుంటే ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనిసరి, లేదా ఒకరికి సీటు కొనాలి. పైగా ఒక్కో వరుసలో అదనపు ఆక్సిజన్ మాస్కు సాధారణంగా ఒకటే ఉంటుంది కాబట్టి ఒళ్ళో పిల్లలున్న ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోనివ్వకపోవచ్చు. ట్రిప్ మధ్యలో బిడ్డకి రెండేళ్ళు నిండితే చాలా ఎయిర్‌లైన్స్‌లో తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి వస్తుంది. ఈ సంగతి కౌంటర్ దగ్గర తెలిస్తే బాగోదు.

చెవి నొప్పి విమానం ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ. దిగడం మొదలవగానే చిన్నవాళ్ళకి పాలు పట్టండి, పెద్దవాళ్ళకి స్ట్రాతో నీళ్ళు ఇవ్వండి. ఆ వేళకి గాఢనిద్రలో ఉంటే లేపడానికి మనసొప్పదు, కానీ లేపండి.

పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉండాలి. ఒక్కొక్కరికీ ఒక జత బట్టలు కూడా అందులోనే. మీకు కూడా ఒక చొక్కా పెట్టుకోండి. వాంతి ఎప్పుడూ ఎత్తుకున్నవాళ్ళ మీదే పడుతుంది.

కారులో అయితే?

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. ఉబ్బెత్తు చలికోటు వేసి పిల్లల్ని కార్ సీట్లో కట్టకండి. బెల్టు బిగువుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు కోటులోని గాలంతా నలిగిపోయి బెల్టుకీ ఒంటికీ మధ్య ఖాళీ వస్తుంది, పిల్ల అందులోంచి జారిపోవచ్చు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడండి: కోటుతో కట్టి బెల్టు బిగించండి, బెల్టు పొడవు మార్చకుండా విప్పి, కోటు తీసి మళ్ళీ కట్టండి. ఎంత వదులుందో చూస్తే మళ్ళీ ఆ పని చేయరు. పల్చటి స్వెటర్‌తో కట్టి, బెల్టు మీద నుంచి దుప్పటి కప్పితే సరిపోతుంది. కోటుని తిరగేసి చేతులు దూర్చి ముందువైపు కప్పినా పర్వాలేదు.

కడుపులో తిప్పడం రెండేళ్ళ లోపు అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. పుస్తకం, ఫోన్ చేతికివ్వకండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి. మంచు కురిసే చోట ఆగిన కారులో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవాల్సి వస్తే ముందు దిగి పొగగొట్టం మంచుతో మూసుకుపోలేదని చూడండి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారు లోపలికి వస్తుంది.

ఎన్ని బట్టలు? ఎన్ని పొరలు?

లగేజీ అంతా ఇక్కడే పెరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒకే మందపాటి స్వెటర్ కన్నా మూడు పల్చటి పొరలు మేలు. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం. లోపలిది ఒంటికి అంటుకుని చెమట పీల్చి బయటికి పంపేది, అంటే ఉన్ని గానీ సింథటిక్ థర్మల్ గానీ. నూలు బనీను వద్దు. నూలు తడిస్తే ఆరదు, తడి ఒంటికి చలి ఎక్కువ. మధ్యది ఫ్లీస్ లేదా స్వెటర్. పైది గాలి, తడి దూరనిది. నడవని పిల్లలకి మనకంటే ఒక పొర ఎక్కువ. మనం నడుస్తుంటే మన ఒళ్ళు వేడెక్కుతుంది, స్ట్రోలర్‌లోనో వీపు మీదో ఉన్న పిల్ల కదలదు. అదే నాలుగేళ్ళవాడు పరిగెత్తుతుంటే మనకంటే ముందే చెమట పడతాడు. వాడికి జిప్పు దించాలి.

చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి, పిల్లల చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక, వీపు మీద వేళ్ళు పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే బాగున్నట్టు. తడిగా ఉంటే ఒక పొర తీయండి. చల్లగా ఉంటే లోపలికి పదండి.

వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజులు నాలుగేళ్ళ లోపు పిల్లలకి కొనకండి. నడిపివాడికి ఒకసారి కొన్నాం. కుడిచేతి గ్లౌజులో రెండు వేళ్ళు ఒకే సందులోకి దూర్చి, బొటనవేలు ఎక్కడికి పోయిందో తెలియక, ఆ ఖాళీ వేలుని అటూ ఇటూ ఊపుతూ పది నిమిషాలు నవ్వాడు. పక్కన చిన్నది పూర్తిగా తయారై, మంకీ క్యాప్‌లో ఉడికిపోయి ఎర్రగా అయిపోయింది. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండేవి తీసుకోండి. వాటిని ఒక తాడుకి కుట్టి చొక్కా చేతుల్లోంచి దూర్చేయండి, పోవు. మెడకి చుట్టే మఫ్లర్ బదులు తల మీద నుంచి దిగే గొట్టం లాంటిది నయం. మఫ్లర్ దేనికో ఒకదానికి చిక్కుకుంటుంది.

లెక్క ఏమిటంటే: థర్మల్స్ ఒక్కొక్కరికీ మూడు జతలు, పై కోటు ఒకటే, సాక్సులు రోజుకి రెండు జతలు, గ్లౌజులు రెండు జతలు. బూట్లు సాక్సు వేశాక కూడా వేళ్ళు ఆడేలా ఉండాలి. బిగుతైతే రక్తం ఆడదు, రెండు సాక్సులు వేసినా కాళ్ళు చల్లబడతాయి.

గుమ్మం దాటే ముందు గంట పడుతోంది. ఎలా?

అందరినీ ముందు బాత్రూమ్‌కి పంపండి. అక్కర్లేదన్నవాళ్ళని కూడా. తర్వాత పెద్దవాళ్ళు తయారవ్వాలి, కోటు ఒక్కటి తప్ప. ఆ తర్వాత సొంతంగా వేసుకోగల పిల్ల, తర్వాత నడిపివాడు, ఆఖరున అందరికన్నా చిన్నది. లోపల వేడిగా ఉన్న గదిలో పూర్తిగా తొడిగిన పిల్ల మూడు నిమిషాల్లో చెమట పడుతుంది. ఆ చెమటతో బయటికి తీసుకెళ్తే మీరు వేసిన పొరలన్నీ వృథా. మేం చిన్నదానికి కోటు, టోపీ గుమ్మం బయటే వేస్తాం.

బయట ఎంతసేపు ఉంచవచ్చు?

పొడిగా, గాలి లేకుండా ఉంటే సున్నా దగ్గర కూడా ఆడుకునే పిల్లలు బాగానే ఉంటారు, అరగంటకి ఒకసారి లోపలికి వచ్చి వెచ్చబడితే చాలు. గాలి ఉంటే లెక్క మారుతుంది. ఫోన్లో ఉష్ణోగ్రత పక్కన ఎంత చలిగా అనిపిస్తుందో చూపించే అంకె ఒకటి ఉంటుంది, అది చూడండి. అది మైనస్ 28 దగ్గరికి దిగితే కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. అలాంటి రోజు పిల్లలతో బయట పనేం లేదు.

బుగ్గలు, చెవులు, ముక్కు, వేళ్ళు చూస్తూ ఉండండి. చర్మం పాలిపోయి మైనంలా, మొద్దుబారినట్టు ఉంటే లోపలికి తీసుకెళ్ళండి. రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. హీటర్ ముందు, మంట ముందు పెట్టకండి, మొద్దుబారిన చర్మానికి కాలుతున్నా తెలియదు. మోచేతితో చూసుకుంటే గోరువెచ్చగా ఉండే నీళ్ళలో ఉంచి డాక్టర్‌కి చూపించండి. వణుకుతున్న పిల్ల వణుకు ఆపి మత్తుగా, మాట తడబడుతూ ఉంటే, లేదా పసిబిడ్డ ఒళ్ళు చల్లబడి పాలు తాగకుండా నీరసంగా పడి ఉంటే అది అత్యవసరం. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడిపోతోందేమో. తడి బట్టలు తీసేసి, మీ ఒంటికి ఆనించుకుని, దుప్పటి కప్పి ఆసుపత్రికి బయల్దేరండి. పసిబిడ్డ బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా కనిపిస్తున్నాయని మోసపోకండి, చల్లబడ్డ పసిపిల్లలు కొన్నిసార్లు అలాగే ఉంటారు.

రాత్రి చలేస్తుందని ఎన్ని దుప్పట్లు కప్పాలి?

ఏడాది లోపు పిల్లలకి వదులు దుప్పటి ఒక్కటి కూడా వద్దు. మొహం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఒంటికి తొడిగే సంచి లాంటి స్లీపింగ్ బ్యాగ్ వాడండి. నిద్రలో టోపీ కూడా తీసేయండి, పసిబిడ్డ ఎక్కువైన వేడిని తల నుంచే వదులుకుంటుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ పసిపిల్లల గదికి 16 నుంచి 20 డిగ్రీలు చాలంటుంది. మనకి అది చలిగానే అనిపిస్తుంది. వేడి ఎక్కువవడం పసిపిల్లలకి చలి కన్నా తక్కువ ప్రమాదం కాదు. వేడినీళ్ళ సంచితో పక్క వెచ్చబెట్టవచ్చు గానీ పిల్లని పడుకోబెట్టే ముందు తీసేయాలి.

పెద్ద పిల్లల్లో ఒకరు దుప్పటి తన్నేసే రకం ఉంటారు. వాళ్ళకి రాత్రి కూడా థర్మల్ వేసి వదిలేయండి, మీరు నిద్ర మానుకుని కప్పుతూ కూర్చోవద్దు.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టిస్తామంటున్నారు. పెట్టించుకోవచ్చా?

వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గులు, గ్యాస్ హీటర్, కట్టెల మంట ఏదైనా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వాంతులు, మత్తు వస్తాయి, ఫ్లూ అనుకుని పడుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే అందరూ ముందు బయటికి నడవండి. ఈ వాయువుని పసిగట్టి మోగే, బ్యాటరీతో నడిచే అలారం చిన్నది దొరుకుతుంది, మా బ్యాగులో అది ఎప్పుడూ ఉంటుంది.

తిండి సంగతి?

ట్రిప్‌లో కొత్త రుచులు నేర్పించాలని పెట్టుకోకండి. పొద్దునా రాత్రీ ఇంట్లో తినేదానికి దగ్గరగా ఉన్నది, మధ్యాహ్నం దొరికింది. చలికి ఆకలి ఎక్కువ, దాహం తెలియదు. పిల్లలు నీళ్ళు అడగరు. ఫ్లాస్క్‌లో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని గంటకోసారి మీరే తాగించండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదని అర్థం. దగ్గు వచ్చిందని ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించొద్దు, పసిపిల్లల్లో అది బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేవచ్చు.

మందుల సంచిలో ఏం ఉండాలి?

థర్మామీటర్, పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ముక్కులోకి సెలైన్ చుక్కలు, పెదాలకీ బుగ్గలకీ మందపాటి క్రీమ్, బ్యాండేజీలు, రోజూ వాడే మందులుంటే రెండింతలు. పారాసిటమాల్ డోసు బరువుని బట్టి. ముగ్గురి బరువులు, ముగ్గురి డోసులు డాక్టర్‌తో రాయించి ఆ కాగితాన్ని సీసాకి రబ్బరుబ్యాండుతో చుట్టేయండి. రాత్రి రెండింటికి చీకట్లో ఎవరికి ఎంతో గుర్తు రాదు. గాఢత సీసాసీసాకూ మారుతుంది, చుక్కల మందు సిరప్ కన్నా చాలా గాఢంగా ఉండొచ్చు. ఎవరికి ఎన్నింటికి వేశారో ఫోన్లో రాసుకోండి, లేకపోతే అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి వేసేస్తారు.

ఒకరికి వాంతులు మొదలైతే మిగతావాళ్ళని కాపాడటం ఎలా?

నిజం చెప్పాలంటే, సగం సార్లు కాపాడలేం. చలికాలంలో ఎక్కువగా తిరుగుతూ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే గతి. ఒక పెద్దమనిషి జబ్బు పిల్లతో ఒక గదిలో, రెండో మనిషి మిగతావాళ్ళతో ఇంకో గదిలో. తువ్వాళ్ళు వేరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళే కొలిచి కలిపి, వాంతి తర్వాత కాసేపు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. గ్లాసుతో ఇస్తే మళ్ళీ కక్కేస్తారు. ఆరేడు గంటలు మూత్రం లేకపోయినా, ఏడ్చినప్పుడు కన్నీళ్ళు రాకపోయినా డాక్టర్ దగ్గరికి. బయల్దేరక ముందే దగ్గర్లో పిల్లల డాక్టర్ ఎక్కడున్నారో చూసి పెట్టుకోండి.

మంచులో ఏం ఆడించాలి? స్కీయింగ్ నేర్పించొచ్చా?

చాలా చోట్ల మూడు నాలుగేళ్ళ నుంచి నేర్పుతారు. మా పెద్దది ఐదేళ్ళప్పుడు మొదటి పూట సగం బూట్లు బిగించుకోవడంలోనే గడిపింది. మంచు మీద జారే బండి (స్లెడ్) అయితే కూర్చుని, కాళ్ళు ముందుకి పెట్టి, హెల్మెట్‌తో. తల ముందుకి పెట్టి బోర్లా పడుకుని జారనివ్వకండి. గడ్డకట్టిన చెరువు మీదకి, అక్కడ రోజూ మందం కొలిచి అనుమతించేవాళ్ళు లేకపోతే, అడుగు పెట్టనివ్వకండి.

ఒకసారి ఒక కొండకొమ్ము చూడ్డానికి మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాం. పార్కింగ్‌లో అరచేయంత లోతు నీళ్ళ గుంట ఒకటి, పైన పల్చటి మంచు పొర కట్టి ఉంది. నడిపివాడు మడమతో తొక్కాడు, అది చిటపటమని అద్దంలా విరిగింది. ముక్క ఒకటి పైకెత్తి అందులోంచి అక్కని చూశాడు. ఇంక ఇద్దరూ అక్కడి నుంచి కదల్లేదు. నలభై నిమిషాలు. కొమ్ము దాకా మేం వెళ్ళనే లేదు.

ఎండ క్రీమ్ చలికాలంలో ఎందుకు?

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ప్రతి 1000 మీటర్లకీ అవి 10 శాతానికి పైగా పెరుగుతాయి కూడా. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి. చల్లద్దాలు తాడు ఉన్నవి కొనండి. 6 నెలల లోపు పిల్లలకి క్రీమ్ బదులు నీడ.

జనంలో తప్పిపోకుండా?

పొద్దున బయల్దేరే ముందు ముగ్గురినీ నిలబెట్టి ఒక ఫోటో. ఆ రోజు ఏ కోటు వేశారో అడిగితే కంగారులో నోట మాట రాదు. ముగ్గురికీ ఒకే కొట్టొచ్చే రంగు టోపీలు, లోపలి జేబులో మీ నంబరు రాసిన చీటీ. ఏ పిల్ల ఎవరి బాధ్యతో పేరుపెట్టి పైకి చెప్పుకోండి: పెద్దది, నడిపివాడు నీకు, చిన్నది నాకు. చేతులు మారితే అది కూడా పైకే చెప్పాలి.

పిల్లలు లేని మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు. తీసుకెళ్ళమంటారా?

తీసుకెళ్ళండి. వాడికి ఈ పేజీ ముందే చూపించకండి.